బయానా ఇవ్వనివాడు బేవఫానా?

కొత్త సరుకు అమ్ముడుపోకపోతే కుసూర్ ఎవరిది? తయారుచేసినవాడిదా, ధర పెట్టినవాడిదా, కొననివాడిదా? ఈ సవాల్ మన గల్లీ చివర కిరాణా దుకాణాదారును అడగండి. కొననివాడిది కుసూర్ అని ఆయన చచ్చినా అనడు. అన్నాడంటే మర్నాటి నుంచి ఆయన గల్లా ఖాళీ. కంప్యూటర్ ఆటల దునియాలో మాత్రం ఈ సీదా మాట తలకిందులైంది. రాని సరుకుకు ముందే డబ్బు కట్టలేదని ఖరీదార్ల మీదే ఇల్జామ్ పెడుతున్నారు. విచిత్రమేమంటే, ఆ ఇల్జామ్ పెడుతున్నది కంపెనీ కాదు, తోటి ఖరీదార్లే.

ఆటలు ఆడని అమ్మీలకు, అబ్బాలకు సంగతి మొదటి నుంచీ చెప్తాను. డెస్టినీ 2 అని ఒక ఆట ఉంది. అమెరికాలోని బంజీ అనే కంపెనీ 2017 సెప్టెంబర్‌లో విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడివాళ్ళో జట్టుకట్టి ఆడే ఆట. 2019 అక్టోబర్ నుంచి ఆటలోకి అడుగుపెట్టడం ముఫ్త్. కంపెనీకి ఆమదనీ వచ్చేది ఆటలోపల నడిచే దుకాణం నుంచి, 2024 దాకా ఇంచుమించు ఏడాదికొకటిగా తెచ్చిన కొత్త భాగాల నుంచి. ఆ కొత్త భాగాన్నే ఎక్స్‌పాన్షన్ అంటారు. అది విడుదలయ్యే నెలల ముందే డబ్బు కట్టించుకోవడం ప్రీఆర్డర్. మన మాటలో బయానా. తేడా ఒక్కటే. మనం బయానా అంటే కొంత ఇచ్చి మిగతాది సరుకు చేతికొచ్చాక ఇస్తాం. వీళ్ళు పూరా పైసలు ముందే తీసుకుంటారు.

2023 ఆగస్టు 22న బంజీ ‘ది ఫైనల్ షేప్’ అనే ఎక్స్‌పాన్షన్‌ను ప్రదర్శించి బయానాలు తెరిచింది. 2024 ఫిబ్రవరిలో ఇస్తామని వాదా. ధర 50 డాలర్లు, ఏడాది పొడుగునా వచ్చే అదనపు సరుకు కూడా కలిపితే 100 డాలర్లు. రెండు నెలలు దాటాయో లేదో, అక్టోబర్ 30న సుమారు వంద మంది ఉద్యోగులను ఇంటికి పంపించారు. ఆ ఏడాది ఆమదనీ అంచనాకంటే 45 శాతం తక్కువ పడిందని పెద్దలు ఉద్యోగులకు చెప్పినట్టు పత్రికలు రాశాయి. విడుదల జూన్‌కు జరిగింది. ఇక ఆటగాళ్ళలో బహస్ మొదలైంది. బయానాలు ఎందుకు తగ్గాయి, తగ్గడం ఎవరి పాపం?

ఒక పక్షం వఫాదారీ పక్షం. “మీరు ముందే కొని ఉంటే ఈ వంద మంది నౌకరీలు నిలిచేవి. ఏళ్ళ తరబడి ఆడి, ఆనందించి, కష్టకాలంలో జేబు మూసుకున్నారు. మీరు బేవఫాలు.” ఇదీ వాళ్ళ మాట. రెండో పక్షం తమాషా పక్షం. “మునగనీ, బుద్ధొస్తుంది” అని చప్పట్లు కొట్టేవాళ్ళు. 2025 జూలైలో ‘ది ఎడ్జ్ ఆఫ్ ఫేట్’, డిసెంబర్‌లో ‘రెనిగేడ్స్’ వచ్చినప్పుడూ అమ్మకాల చుట్టూ దాదాపు ఇదే పంచాయతీ. నేను చెప్పేది ఒక్కటే. రెండు పక్షాలూ గలత్. బయానా ఇవ్వకపోవడం బేవఫాయీ కాదు, అది ఖరీదార్ హక్కు. రోజీ పోగొట్టుకున్న మజ్‌దూర్‌ను చూసి నవ్వడం మాత్రం గుణాహ్.

గోలేటిలో కూర్చుని అమెరికా ఆట గురించి ఈ గోలేమిటి అంటారా? రెండు వజూహాత్ ఉన్నాయి.

మొదటిది, ఇది మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చేసింది. రెబ్బెన మండలంలోని ఈ సింగరేణి టౌన్‌షిప్‌లో ఏ క్వార్టర్ తలుపు తట్టినా ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆట ఆడే పిల్లాడు కనబడతాడు. డెస్టినీ కాకపోతే ఇంకొకటి. తండ్రి నైట్ షిఫ్ట్ చేసి తెచ్చిన పైసల్లోంచి ఆ పిల్లాడు ఆటలో బట్టలు కొంటాడు, తుపాకులకు రంగులు కొంటాడు, రాబోయే భాగాలకు బయానా కడతాడు. పైగా చదువుకున్న మన పిల్లలు కొందరు ఇదే పనిలోకి వెళ్తున్నారు. హైదరాబాద్‌లో ఈఏ వంటి పెద్ద ఆటల కంపెనీకి స్టూడియో ఉంది. రేపు ఆ వంద మంది లిస్టులో పేరుండేది మన పిల్లాడిదే కావచ్చు.

రెండోది, ఈ ఇల్జామ్ మనం ఇంతకుముందు విన్నదే. 1990లలో సింగరేణి నష్టాల్లో కూరుకుపోయి బీఐఎఫ్ఆర్ గడప తొక్కిన రోజులు మన పెద్దలకు యాద్ ఉన్నాయి. అప్పుడు తప్పెవరిదన్నారు? బొగ్గుబాయిలో దిగినవాడిదన్నారు. నాగాలు పెడుతున్నాడన్నారు, సమ్మెలు చేస్తున్నాడన్నారు. బొగ్గు ధర నిర్ణయించింది వాడు కాదు. అప్పులు తెచ్చింది వాడు కాదు. యంత్రాలు కొన్నది, వాటిని మూలన పెట్టింది వాడు కాదు. వాడి చేతిలో ఉన్నదల్లా మస్టర్. ఐనా కుసూర్ మస్టర్ దగ్గరే వెతికారు. కరే కోయీ, భరే కోయీ. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. తవ్వే బొగ్గు మాత్రం అప్పటికీ ఇప్పటికీ మూడింతలు దాటింది. లెక్క తప్పినప్పుడు నిందించడానికి అన్నిటికంటే కింద ఉన్న మనిషిని వెతకడం పాత దస్తూర్. ఆటల బజారులో ఆ కింది మనిషి ఖరీదార్ అయ్యాడు, అంతే తేడా.

సరే, వఫాదారీ పక్షం దలీల్‌ను ఇన్సాఫ్‌గా తూద్దాం. వాళ్ళ మాటలో కొంత వజన్ ఉంది. ఆట తయారీకి ఏళ్ళు పడుతుంది, జీతాలు నెలనెలా ఇవ్వాలి, ముందే వచ్చిన డబ్బు చేతికి ఆసరా. బయానాలు బాగుంటే పైవాళ్ళకు ధైర్యం వస్తుంది, కొత్త పని మొదలవుతుంది. ఇది అబద్ధం కాదు. కానీ “బయానా కడితే మజ్‌దూర్ నౌకరీ నిలుస్తుంది” అనే మాటకు రుజువు కావాలి. ఫైనల్ షేప్ కథే రుజువు, అదీ వాళ్ళకు ఖిలాఫ్‌గా.

2024 జూన్ 4న ఫైనల్ షేప్ విడుదలైంది. తీసిపారేసే సరుకు కాదది. పదేళ్ళ కథకు దక్కాల్సిన ముగింపు దక్కిందని విమర్శకులు మెచ్చారు, ఆటగాళ్ళు మెచ్చారు. అలిగి వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగొచ్చారు. మజ్‌దూర్లు తమ పని తాము చేశారు, ఖరీదార్లు తమ పని తాము చేశారు. ఆ తర్వాత ఏం జరిగింది? రెండు నెలలు నిండకముందే, జూలై 31న, 220 మందిని తీసేశారు. అంటే సంస్థలో 17 శాతం. మరో 155 కొలువులను మాతృసంస్థ సోనీలోకి మార్చారు. సరుకు బాగోలేదని వంద మంది పోయారనుకుందాం. మరి బాగున్నాక 220 మంది ఎందుకు పోయారు? వఫాదారీ పక్షం ఈ సవాల్‌కు జవాబ్ ఇవ్వదు. ఇవ్వలేదు.

జవాబు కంపెనీ పెద్దే రాశాడు. అప్పటి బంజీ అధిపతి పీట్ పార్సన్స్ ఆ రోజు బహిరంగంగా పెట్టిన ఖత్‌లో సంగతులు దాచలేదు. ఒకేసారి మూడు పెద్ద ఆటల మీద ఆశ పెట్టుకున్నాం, పలు కొత్త ప్రయోగాలకు మనుషులను పంచాం, బలం పలచబడింది, వేగంగా పెరిగిపోతున్న సమయంలోనే బజారు మందగించింది, 2023 ఫిబ్రవరిలో తెచ్చిన ‘లైట్‌ఫాల్’ నాణ్యతలో తగ్గింది. అందులోని సారాంశం ఇది. ఆ ఫెహరిస్త్‌ను మళ్ళీ చదవండి. మూడు ఆటల మీద ఆశ పెట్టుకున్నది గోలేటి పిల్లాడా? మనుషులను పంచింది ఖరీదారా? బేవఫా ఆటగాళ్ళ ప్రస్తావన ఆ కారణాల్లో లేదు. కంపెనీ పెద్ద కూడా వేయని నింద మనకు మనం వేసుకుంటున్నాం.

ఖరీదార్ జేబు ఎందుకు బిగించాడో కూడా చూడాలి. భరోసా ఒక్కరోజులో పోలేదు. 2020 నవంబర్‌లో ‘బియాండ్ లైట్’ వచ్చినప్పుడు బంజీ పాత భాగాలను ఆటలోంచి తీసి పక్కన పెట్టేసింది. 2017లో జనం డబ్బిచ్చి కొన్న ‘రెడ్ వార్’ కథ, దాని తర్వాత కొన్న రెండు ఎక్స్‌పాన్షన్‌ల కథలు, వాటితోపాటు కొన్ని గ్రహాలకు గ్రహాలే మాయమయ్యాయి. 2022 ఫిబ్రవరిలో ‘ఫర్‌సేకెన్’ కథ కూడా పోయింది. ఆట బరువైపోయింది, అన్నీ మోయలేమన్నారు. ఇంట్లో జాగా చాలడం లేదని, మీకు అమ్మిన పెట్టెను మీ ఇంట్లోంచే అమ్మినవాడు ఎత్తుకెళ్తే ఒప్పుకుంటారా? దీనికొక వింత కొసమెరుపు ఉంది. తన కథను రెడ్ వార్‌లో వాడుకున్నారని ఒక రచయిత 2024లో కేసు వేశాడు. తమ కథ వేరని చూపించడానికి బంజీ దగ్గర ఆ ఆట ఆడే రూపంలో లేదు. యూట్యూబ్ వీడియోలు, అభిమానులు రాసుకున్న పేజీలు కోర్టుకు చూపించింది. 2025 మేలో జడ్జి, కేసు కొట్టేయమన్న కంపెనీ వినతిని తోసిపుచ్చారు. ఖరీదార్‌కు అమ్మిన సరుకు అమ్మినవాడికే దొరకలేదు! ఇంత జరిగాక రాబోయే సరుకుకు ఎవరైనా ముందే పైసలివ్వడానికి వెనకాడితే అది బేవఫాయీనా, అఖల్‌మందీనా?

మన పిల్లలకు ఈ సబక్ ఇంకా దగ్గర నుంచే అందింది. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను ప్రభుత్వం నిషేధించింది. దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ 2022 జూలై 28న దుకాణాల్లోంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. అక్కడ కారణం వేరు, సర్కారు వేరు. అనుభవం మాత్రం ఒక్కటే. తెర మీద కొన్నది మన సందూక్‌లో ఉండదు. తాళంచెవి ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ఇంకో దలీల్ ఉంది. ముందే ఎక్కువమంది కొంటే కంపెనీకి ఖుషీ, సరుకు బాగా వస్తుందంటారు. సైబర్‌పంక్ 2077 కథ చూడండి. 2020 డిసెంబర్ 10న విడుదలయ్యేనాటికి దానికి 80 లక్షల పైచిలుకు బయానాలు. ఆ లెక్కన అద్భుతంగా ఉండాలి. పాత ప్లేస్టేషన్‌లో అది సరిగా నడవలేదు. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుంచి తీసేసి, అడిగినవాళ్ళకు డబ్బు వాపస్ ఇచ్చింది. పోలండ్ కంపెనీ తర్వాత ఏళ్ళు పట్టి బాగుచేసింది, ఆ షాబాషీ దానికి ఇవ్వాల్సిందే. కానీ బయానాలు సరుకుకు జమానత్ కావని అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. డబ్బు ముందే చేతిలో పడితే తొందరపడి వదిలేయాలన్న లాలచ్ పెరుగుతుంది, తగ్గదు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు తెలుగులో. బయానా బజారు సరిగ్గా అదే. ఐతే ముందస్తు సౌదా అసలే కూడదని నేననడం లేదు. మన దీన్‌లో దానికి ఒక పద్ధతి ఉంది. నేను ముఫ్తీని కాను, ఫత్వా నా పని కాదు, మదరసా పిల్లలకూ తెలిసిన మాటే చెప్తున్నాను. మదీనాలో ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ళు ముందే సొమ్ము ఇచ్చే రివాజ్ ఉండేది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ దాన్ని ఆపలేదు. కొలత తెలియాలి, తూకం తెలియాలి, గడువు తెలియాలి అని షరతు పెట్టారు. ఫిఖ్‌హ్‌లో దీన్ని సలమ్ అన్నారు. ఏ రకం, ఎంత, ఎప్పుడు అన్నది ముందే సాఫ్‌గా ఉండాలి. అంధకారంలో సౌదా కూడదు, దానికి గరర్ అని పేరు. ఈ ఉసూల్ ఎవరి కోసం? ముందుగా డబ్బిచ్చేవాడి కోసం. సౌదా కాగితం మీద ఉన్నంతసేపూ బలహీనుడు వాడే కాబట్టి.

ఇప్పుడు ఆట ప్రీఆర్డర్‌ను ఆ తరాజులో పెట్టండి. గడువు? ఫిబ్రవరి అన్నది జూన్ అయింది. కొలత? ఎన్ని గంటల ఆట, ఎన్నాళ్ళు అందుబాటులో ఉంటుందన్నది చెప్పరు. నాణ్యత? రెండు నిమిషాల మెరుపుల వీడియో. కొన్ని దుకాణాలు విడుదలకు ముందు అడిగితే వాపస్ ఇస్తాయి, అది మంచి మాటే. కానీ విడుదలయ్యాక, మూడేళ్ళకు తీసేశాక, వాపస్ ఎక్కడిది? బక్రీద్‌కు మేక కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాం, నడిపించి చూస్తాం, చెవులు చూస్తాం. అప్పుడు గానీ చేతిలో బయానా పెట్టం. అట్లా చూసినందుకు మేకలవాడు మనల్ని బేవఫా అనడు. అంటే నవ్విపోతారు. ఆటల బజారులో ఎందుకు నవ్వడం లేదు?

ఇక తమాషా పక్షానికి రెండు మాటలు. మీ కోపం అర్థమవుతుంది. కొన్నది లాక్కున్నారు, చెప్పిన తేదీ తప్పారు. కానీ 320 మంది రోడ్డున పడితే చప్పట్లు ఎందుకు? మీ రెడ్ వార్‌ను తీసేయాలని ఫైసలా చేసింది బొమ్మలు గీసినవాడు కాదు, సంగీతం కట్టినవాడు కాదు, తప్పులు వెతికే టెస్టర్ కాదు. ఫైసలాలు చేసే గది వేరు. అక్కడ కుర్చీలు ఆలస్యంగా కదులుతాయి. పార్సన్స్ పదవి వదిలింది 2025 ఆగస్టులో, అంటే రెండో విడత తీసివేతలు జరిగిన ఏడాదికి. 2022లో 360 కోట్ల డాలర్లు పెట్టి బంజీని కొన్న సోనీ, 2025 నవంబర్‌లో ఆ పెట్టుబడి విలువలో సుమారు 3,150 కోట్ల యెన్‌లు తగ్గించి తన లెక్కల్లో రాసుకుంది. కంపెనీకి నుక్సాన్ అంటే ఖాతాలో ఒక గీత. మజ్‌దూర్‌కు నుక్సాన్ అంటే ఇంటి కిరాయి, పిల్లల ఫీజు. గోలేటివాళ్ళం, ఈ తేడా మనకు ఇంకొకరు చెప్పాలా? బాయి మూతపడ్డ రోజు ఏ ఇంట్లో పొయ్యి వెలిగింది, ఏ ఇంట్లో వెలగలేదు అన్నది ఈ బొగ్గు బెల్టుకు బాగా తెలుసు.

జిమ్మేదారీ పైనుంచి మొదలవ్వొచ్చని చూపినవాళ్ళూ ఈ ఆటల దునియాలోనే ఉన్నారు. 2014 జనవరిలో నింటెండో కంపెనీ వీ యూ అనే ఆటపెట్టె అమ్మకాలు ఘోరంగా పడిపోయాయి. అధిపతి సతోరు ఇవాటా ఐదు నెలలపాటు తన జీతం సగానికి కోసుకున్నాడు, మిగతా డైరెక్టర్లూ కొంత కోసుకున్నారు. ఆటగాళ్ళు వఫా చూపలేదని ఆయన ఏడవలేదు. అమ్ముడుపోకపోవడం తన హిసాబ్‌లో వేసుకున్నాడు. ఒక సౌదాగర్‌కు ఉండాల్సిన మర్దానగీ అది.

కాబట్టి నౌజవాన్ భాయియో, రేపు ఏ ఆట కోసమైనా మీ దోస్త్ ఎవరైనా “నువ్వు ముందే కొనకపోతే వాళ్ళ నౌకరీలు పోతాయి” అంటే మూడు సవాళ్ళు వేయండి. పోయినసారి మనం కొన్నాక నౌకరీలు నిలిచాయా? పోయినసారి కొన్నది ఇప్పటికీ మన దగ్గర ఉందా? వచ్చేది ఏమిటో, ఎప్పుడో, ఎన్నాళ్ళుంటుందో రాసి ఇచ్చారా? మూడింటికీ జవాబు హా అయితే బేఫికర్‌గా కట్టండి, మీ పైసలు మీ ఇష్టం. కాకపోతే విడుదలయ్యే దాకా ఆగండి. నాలుగు రోజులు ఆడినవాళ్ళ మాట వినండి. బాగుంటే పూరా ధర ఇచ్చి కొనండి, దొంగ కాపీ వెతక్కండి. కష్టపడ్డవాడికి మజ్‌దూరీ అందాల్సిందే. సరుకు చూసి కొనేవాడే మంచి మజ్‌దూర్‌కు అసలైన దోస్త్. ఎందుకంటే, అప్పుడు వాడి పనితనానికి ధర పలుకుతుంది, మెరుపుల వీడియోకు కాదు.

అమ్మీలూ, అబ్బాలూ, మీరు కూడా “ఆటలన్నీ దండగ” అని కొట్టిపారేసి లేచిపోకండి. పిల్లాడు దేనికి పైసలు అడుగుతున్నాడో పక్కన కూర్చుని అడగండి. ఇప్పుడు చేతికొచ్చే వస్తువా, ఎప్పుడో వస్తుందన్న వాదానా, అడిగి తెలుసుకోండి. సౌదా ఎట్లా చెయ్యాలో బక్రీద్ సంతలో వాడికి నేర్పింది మీరే. అదే అఖల్ ఫోన్ ముందు కూడా పనికొస్తుందని చెప్పాల్సిందీ మీరే.

వఫాదారీ పెద్ద మాట. అమ్మీ అబ్బాలకు, దోస్తులకు, పక్కన నిలబడి పని చేసే మజ్‌దూర్‌కు ఇవ్వాల్సిన మాట. కంపెనీకి ఇవ్వాల్సింది ధర. అదీ సరుకు చేతికొచ్చాక.